వసిష్ఠ గట్టున మోగిన తీగ

కొత్త సంగీతమేదైనా ఇంట ప్రవేశించినప్పుడు మొట్టమొదట వినబడే మాట ఒకటే: "ఇది చప్పుడేగాని సంగీతం కాదు." ఈనాడు అమలాపురంలోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో కాలేజీలో చదువుకొనే పిల్లలు ఇష్టపడి వినే పాటలలో అట్లాంటి నింద మోస్తున్న తరహా ఒకటి ఉన్నది. దానిని పాశ్చాత్యులు 'ప్రోగ్రెసివ్ మెటల్' అంటారు. విద్యుత్తుతో మోగే గిటార్లు, పిడుగులవంటి డ్రమ్ములు, ఒక్కొక్కటి పది పదిహేను నిమిషాలు సాగే రచనలు దాని లక్షణాలు. పిల్లలు ఆ పాట పెట్టగానే పెద్దలు లేచి తలుపు మూసికొంటారు. ఆ తలుపుకు ఇవతల ఉన్న సంగీతానికీ, అవతల ఉన్న సంగీతానికీ మధ్య ఒక దారి ఉన్నదనీ, ఆ దారి మన గోదావరి పాయ గట్టు మీదుగానే పోయినదనీ చెప్పడం మా ఉద్దేశం. ఆ దారిన నడచిన బృందం పేరు 'శక్తి'.

ముందుగా ఆ 'మెటల్' అనే దాని పుట్టుక కొంత తెలిసికొందాము. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ అనే నగరం ఇనుప కర్మాగారాలకు పేరుపడినది. అక్కడ రేకుల కర్మాగారంలో పనిచేసే టోనీ అయోమీ అనే యువకునికి యంత్రంలో పడి కుడిచేతి రెండు వేళ్ల కొనలు తెగిపోయినవి. అతడు గిటారు ఎడమచేతితో మీటేవాడు గనుక తంత్రిని అదిమిపెట్టవలసిన వేళ్లు అవే. వేళ్లకు తొడుగులు చేసికొని, తరువాత కాలంలో తీగల బిగువు తగ్గించి, శ్రుతి దించి వాయించాడు. ఆ దించిన శ్రుతిలోనుంచే బరువైన, గంభీరమైన ధ్వని వచ్చినది. 1970లో అతని 'బ్లాక్ సబత్' బృందం వెలువరించిన తొలి రికార్డుతో ఈ సంగీతం ఆరంభమైనదని చరిత్రకారులు చెబుతారు. బరువు ఆ విధంగా వచ్చినది. ఇక 'ప్రోగ్రెసివ్' అనే విశేషణానికి కారణం లెక్క. 1985లో అమెరికాలో బోస్టన్ నగరంలోని బర్క్లీ సంగీత కళాశాలలో ముగ్గురు విద్యార్థులు కలిసి ఒక బృందం స్థాపించారు. అదే తరువాత 'డ్రీమ్ థియేటర్' అయినది. వారు 1999లో రచించిన 'ది డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ' అనే వాద్యరచన ఆరు నిమిషాలకు కాస్త పైబడినది. అంతలోనే తాళం నూరుసార్లకు పైగా మారుతుందని లెక్కించినవారు చెబుతారు.

ఐదు మాత్రలు, ఏడు మాత్రలు, తొమ్మిది మాత్రలు అనగానే పాశ్చాత్య శ్రోత ఉలిక్కిపడవచ్చును. మనకు అందులో వింత ఏమున్నది? ఐదు ఖండం, ఏడు మిశ్రం, తొమ్మిది సంకీర్ణం. మిశ్రచాపులో కీర్తన పాడే గృహిణి వంటయింట పనిచేసికొంటూనే ఏడు మాత్రలు తప్పకుండా నడిపించగలదు. కాబట్టి ఆ కుర్రవాని గదిలో మోగుతున్నదానిలో సగం మనకు తెలిసినదే. తెలియనిది దాని ధ్వని. పోనీ, గట్టి ధ్వని మాత్రం కోనసీమకు కొత్తదా? కనుమనాడు జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలు చేల మీదుగా, కాలువ దాటి తరలివచ్చేటప్పుడు మోగే వాద్యాల ముందు నిలబడినవారు ఎవరూ గట్టి ధ్వనిని సంగీతానికి శత్రువు అనరు.

ఆ పాశ్చాత్య సంగీతానికీ మన తాళానికీ ముడివేసినవారిలో ముఖ్యుడు జాన్ మెక్‌లాఫ్లిన్. 1942లో ఇంగ్లండులోని యార్క్‌షైరులో పుట్టిన ఈ గిటారు విద్వాంసుడు 1971లో 'మహావిష్ణు ఆర్కెస్ట్రా' అనే బృందాన్ని నెలకొల్పినాడు. విద్యుత్తు గిటారుతో, మహా వేగంతో, ఎన్నడూ వినని లెక్కలతో ఆ బృందం వాయించినది. 'బర్డ్స్ ఆఫ్ ఫైర్' అనే రచన పద్ధెనిమిది మాత్రల ఆవర్తంతో నడుస్తుంది. తరువాత పుట్టిన ప్రోగ్రెసివ్ బృందాలలో చాలామంది గిటారు వాద్యకారులు ఆ రికార్డులు విని పెరిగినవారే. అయితే మెక్‌లాఫ్లిన్‌కు ఆ లెక్కలను బయటనుంచి అరువు తెచ్చుకొంటే చాలలేదు. అమెరికాలో వెస్లియన్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఎస్. రామనాథన్ గారి వద్ద శిష్యుడై వీణ నేర్చుకొన్నాడు. పేరు ప్రతిష్ఠలు వచ్చిన పిమ్మట పీటమీద కూర్చొని సరళీస్వరాలవద్ద మొదలుపెట్టడం ఎంతమందికి సాధ్యం?

ఆ శిష్యరికం ఫలితమే 'శక్తి'. వయొలిన్ ఎల్. శంకర్, తబలా జాకిర్ హుస్సేన్, ఘటం టి.హెచ్. వినాయకరామ్, గిటారు మెక్‌లాఫ్లిన్. వీరు 1975 జూలై 5వ తేదీన న్యూయార్కు రాష్ట్రంలోని ఒక కళాశాలలో చేసిన కచేరీయే తొలి రికార్డుగా మరుసటి ఏడు వెలువడినది. అందులో మెక్‌లాఫ్లిన్ తన విద్యుత్తు గిటారును పక్కన పెట్టివేసినాడు. మామూలు కొయ్య గిటారుకే మెట్ల మధ్య కొయ్యను తొలిపించి, వీణలోవలె తీగను లాగి గమకం పలికించే వీలు కల్పించుకొన్నాడు. అడ్డంగా ఏడు అనునాద తంత్రులు కూడా కట్టించుకొన్నాడు. ఉరుములవంటి ధ్వనికి అలవాటుపడిన అభిమానులు వారు నేలమీద కూర్చొని వాయించడం చూసి తెల్లబోయినారు. బృందం మొత్తం మూడు రికార్డులు ఇచ్చి, 1978 నాటికి విడిపోయినది. దాని మొదటి జీవితం అంతటితో ముగిసినది.

ఇక మన గట్టుకు వద్దాము.

కోనసీమకు పడమటి హద్దు వసిష్ఠ. రాజోలు వైపున దిండి, అవతలి ఒడ్డున చించినాడ. చించినాడ దాటితే పాలకొల్లు. ఈ రెండు గట్లు వేరువేరు జిల్లాలైనా, పంటలలోను, పెండ్లి సంబంధాలలోను, మేళాలలోను ఒకటే సీమ. ఈ సీమ సంగీతానికి ఇచ్చిన కొత్తదారి మనుష్యులు ఇద్దరు. మొదటివారు ఇవతలి ఒడ్డున, రాజోలు ప్రాంతపు శంకరగుప్తంలో 1930 జూలై 6న పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యులై, త్యాగరాజస్వామి పరంపరలో నిలిచి, ఎనిమిదో ఏటనే కచేరీ చేసినారు. విజయవాడ ఆకాశవాణిలో పనిచేస్తూ 'భక్తిరంజని' కార్యక్రమాన్ని రూపొందించినారు. డెబ్బైరెండు మేళకర్తలలోను కీర్తనలు రచించినారు. అంతటితో ఆగక, నాలుగేసి స్వరాలతో మహతి, లవంగి వంటి రాగాలు కల్పించినారు. నాలుగు స్వరాలతో రాగమేమిటని పెద్ద విద్వాంసులు అభ్యంతరం చెప్పినప్పుడు, పాడి వినిపించడమే ఆయన ఇచ్చిన సమాధానం. 2016 నవంబరు 22న చెన్నైలో ఆయన కన్నుమూసేనాటికి ఆ రాగాలు ఇతరుల కచేరీలలోకి కూడా ప్రవేశించినవి.

రెండవవారు అవతలి ఒడ్డున, పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గారు. తండ్రి సత్యనారాయణ గారు క్లారినెట్టు వాద్యకారులు. ఇంట ఉన్న మాండలిన్‌ను పిల్లవాడు ఆరేళ్ల వయసులో చేతబట్టినాడు. మాండలిన్ మన వాద్యం కాదు. ఇటలీలో పుట్టినది. మన దేశంలో సినిమా పాటల వెనుక నాలుగు మీటులు మీటడానికి తప్ప వేరొక గౌరవానికి అది నోచుకోలేదు. దానికి నాలుగు జతల తీగలు, వెరసి ఎనిమిది. మీటగానే కణకణమని మోగి మరుక్షణంలో ఆరిపోతుంది. స్వరం నిలవనిదే గమకం లేదు, గమకం లేనిదే రాగం లేదు. ఇట్లాంటి వాద్యంపై తోడిగాని, భైరవిగాని పలుకుతుందని ఎవరు నమ్ముతారు?

ఇక్కడే మేము చెప్పదలచిన ముఖ్యమైన సంగతి ఉన్నది. తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారే ఆ పిల్లవానికీ గురువైనారు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. కాబట్టి ఆయన పాడేవారు, పిల్లవాడు విని ఆ పాటను తీగలమీద వెదకికొనేవాడు. వేలు ఎక్కడ పెట్టాలో చూపించేవారు లేరు. పాట ఎట్లా ఉండాలో వినిపించేవారు ఉన్నారు. వాద్యం చెప్పినట్లు పాట ఒదగక, పాట చెప్పినట్లు వాద్యం ఒదిగినది. వాద్యం తెలియని గురువు, గురువుకు తెలియని వాద్యం పట్టిన శిష్యుడు: ఈ ఇద్దరి మధ్యనే ఒక కొత్త బాణీ పుట్టినది.

ఆ ఒదుగు కోసం వాద్యాన్ని కూడా మార్చవలసి వచ్చినది. జతల తీగలు తీసివేసి ఒంటి తీగలు కట్టించినారు. నాలుగు చాలక, మంద్రస్థాయి నిమిత్తం ఐదవ తీగ చేర్చినారు. దానికి విద్యుత్తును జోడించినారు. విద్యుత్తు మాట వినగానే, అది కృత్రిమమని కొందరు ముఖం చిట్లించినారు. రేడియోలో పనిచేసే మాకు ఈ ఆక్షేపణ విన్నప్పుడు చిరునవ్వు వస్తుంది. మైకు రాకముందు గాయకుడు చివరి వరుసకు వినబడడానికి గొంతు చించుకొని పాడవలసి వచ్చేది. మైకు వచ్చిన తరువాతనే సన్నని గమకం, మెల్లని నెరవు, ఊపిరివంటి మంద్రం ఇంటింటికీ చేరినవి. మాండలిన్ విషయంలోనూ విద్యుత్తు చేసిన పని అదే. వేలితో మెల్లగా ఒక మెట్టునుంచి మరొక మెట్టుకు జారినప్పుడు, మామూలు మాండలిన్‌లో ఆ జారు మధ్యలోనే ఆరిపోతుంది. విద్యుత్తు ఆ ఆరిపోయే స్వరాన్ని చేయిపట్టి ఆవలి మెట్టుదాకా నడిపించినది. గమకం చెడగొట్టడానికి కాదు, గమకం బ్రతకడానికే విద్యుత్తు వచ్చినది.

వాద్యాలను గేటువద్ద నిలిపివేయడం రేడియో చరిత్రలోనూ లేకపోలేదు. హార్మోనియం మెట్లకు గమకం పలకదనే కారణంతో 1940లో ఆకాశవాణి దానిని ప్రసారాలనుంచి తొలగించినది. ఆ నిషేధం మూడు దశాబ్దాలు కొనసాగి, 1971 ప్రాంతాన సడలినది. వెనుకకు తిరిగి చూస్తే వయొలిన్ కూడా ఒకనాడు పరాయిదే. బాలుస్వామి దీక్షితుల వంటివారు దానిని మన పాటకు లొంగదీసినారు. ద్వారం వెంకటస్వామినాయుడు గారు దానిని పక్కవాద్యపు చాపమీదనుంచి లేపి కచేరీకి నాయకస్థానంలో కూర్చోబెట్టినారు. ఈనాడు వయొలిన్ లేని కచేరీని ఊహించగలమా? వాద్యానికి జన్మభూమి ఏదైనా, దానికి పౌరసత్వం ఇచ్చేది గాత్రం.

శ్రీనివాస్ గారి తొలి కచేరీ 1978లో గుడివాడలో, త్యాగరాజ ఆరాధన సందర్భంలో జరిగినది. అప్పటికి ఆయనకు తొమ్మిదేళ్లు. 1981లో మద్రాసు సభలలో వినిపించినారు. 1983లో బెర్లిన్ నగరపు జాజ్ ఉత్సవంలో ఆ పద్నాలుగేళ్ల బాలుడు వాయించిన త్యాగరాజ సంగీతానికి జర్మను శ్రోతలు లేచి నిలబడినారు. 1995లో మైకేల్ బ్రూక్ అనే కెనడా గిటారు వాద్యకారునితో కలిసి 'డ్రీమ్' అనే రికార్డు చేసినారు. 1998లో పద్మశ్రీ వచ్చినది.

ఇంతలో పాత శక్తి బృందం మరల మేలుకొన్నది. 1997లో మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్, వినాయకరామ్‌లు హరిప్రసాద్ చౌరసియా వేణువుతో కలిసి ఇంగ్లండులో పర్యటించినారు. ఆ బృందానికి 'రిమెంబర్ శక్తి' అని పేరు పెట్టినారు. శక్తిని స్మరించడం అని దాని భావం. అటుపిమ్మట వయొలిన్ ఖాళీ చేసిన స్థానంలోకి పాలకొల్లు మాండలిన్ వచ్చినది. ఘటం స్థానంలో వినాయకరామ్ గారి కుమారుడు సెల్వగణేశ్ కంజీరతో వచ్చినాడు. తరువాత గాయకుడు శంకర్ మహదేవన్ చేరినాడు. 2000లో 'ది బిలీవర్', 2001లో 'సాటర్డే నైట్ ఇన్ బాంబే' రికార్డులు వెలువడినవి.

మొదటి శక్తికీ రెండవ శక్తికీ ఉన్న తేడాను గమనించండి. మొదటిదానిలో పాశ్చాత్యుడు తన విద్యుత్తును వదలుకొని మన చాపమీదికి వచ్చినాడు. రెండవదానిలో మెక్‌లాఫ్లిన్ మరల విద్యుత్తు గిటారు చేతబట్టినాడు. ఆయనకు ఎదురుగా కూర్చున్న తెలుగువాని చేతిలోనూ విద్యుత్తే ఉన్నది. ఇక ఎవరూ ఏదీ వదలుకోవలసిన అవసరం లేదు. గిటారు ఒక పలుకు విసరితే మాండలిన్ దానిని అందుకొని, రాగపు అంచు దాటకుండా తిప్పి అప్పగించేది. తబలా ఏడు చెబితే కంజీర దానిని మూడుగా, రెండుగా, రెండుగా విరిచి, మూడు పర్యాయాలు ముక్తాయించి సమానికి తెచ్చేది. వేగంలోను, లెక్కలోను లోహసంగీతం వాయించే ఏ బృందానికీ వారు తీసిపోరు. అయితే ఆ వేగం మధ్యలో హఠాత్తుగా మాండలిన్ ఒక్క స్వరంమీద నిలిచి ఊగినప్పుడు, సుబ్బరాజు గారి పాఠం వినబడేది. పదేళ్లు దాటిన సహవాసంలో శ్రీనివాస్ గారు కచేరీ సంప్రదాయాన్ని విడిచిపెట్టలేదు. యూరపులో బృందంతో వాయించి వచ్చి, చెన్నైలో మృదంగం, ఘటం పెట్టుకొని వర్ణంతో కచేరీ ఆరంభించేవారు.

2014 సెప్టెంబరు 19వ తేదీన చెన్నైలో ఆయన మరణించినారు. వయస్సు నలభై ఐదేళ్లు. కాలేయవ్యాధికి శస్త్రచికిత్స జరిగిన తరువాత కోలుకోలేకపోయినారు. నలభై ఐదేళ్లలో ముప్పైఆరు ఏళ్లు వేదికమీద గడిపిన మనిషి అనుకొన్నప్పుడు ఆయుర్దాయం ఒక లెక్కలో తక్కువ, మరొక లెక్కలో ఎక్కువ అనిపిస్తుంది. ఆయనవద్దనే నేర్చిన తమ్ముడు రాజేష్ గారు ఆ వాద్యాన్ని కొనసాగించినారు. శక్తి బృందం వయొలిన్ విద్వాంసుడు గణేశ్ రాజగోపాలన్‌ను చేర్చుకొని, 2023లో 'దిస్ మొమెంట్' అనే రికార్డు వెలువరించినది. దానికి 2024 ఫిబ్రవరిలో గ్రామీ పురస్కారం లభించినది. అదే ఏడు డిసెంబరు 15న జాకిర్ హుస్సేన్ కూడా దివంగతులైనారు. తొలి రికార్డు కచేరీనుంచి లెక్కిస్తే యాభై ఏళ్లకు ఆరేడు నెలలు తక్కువ. విడిపోవడం, మరల కలియడం, మనుష్యులు మారడం, మృత్యువు మధ్యలోకి రావడం అన్నీ ఆ బృందం జీవితంలో ఉన్నవి. మారనిది ఒక్కటే. అందులో కూర్చున్న ప్రతివాడూ అంతకుముందు ఎవరో ఒక గురువు ఎదుట ఏళ్ల తరబడి కూర్చున్నవాడే.

ఈ కథనుంచి రెండు తరాలవారూ గ్రహించవలసినది ఉన్నది. పిల్లలకు మేము చెప్పేది: వేగాన్ని చూసి మోహపడండి, తప్పులేదు, కాని ఆ వేగం వెనుక ఉన్న సాధనను కూడా మోహించండి. గిటారు కొనుక్కోవడం ఒకనాటి పని. మీటబోయే పలుకును ముందు గొంతుతో పాడగలగడం కొన్నేళ్ల పని. పాడలేని పలుకు తీగమీద నిలవదు.

పెద్దలకు చెప్పేది దానికంటె ముఖ్యము. "ఆ వాద్యం మాకు తెలియదు, ఆ పాట మాకు అర్థం కాదు, మేమేమి నేర్పగలము?" అని మీరు విడిచిపెట్టవద్దు. సుబ్బరాజు గారికి మాండలిన్ రాదు. అది ఆయన గురుత్వానికి అడ్డురాలేదు. మీ ఇంటి కుర్రవాడు వింటున్నదానిని ఒక పూట మీరూ కూర్చొని వినండి. చేతితో తాళం వేసి చూడండి. ఐదో, ఏడో, తొమ్మిదో తేలుతుంది. తేలినప్పుడు ఆ లెక్కకు మనవారు పెట్టిన పేరు చెప్పండి. అదే చాపులో మీకు వచ్చిన కీర్తన ఒకటి పాడి వినిపించండి. అతడు దానిని తన గిటారుమీద వెదకికొంటాడు. దొరకకపోతే మరల మిమ్ములను పాడమంటాడు.

అట్లా మరల పాడమని అడిగిన పిల్లవానికి విసుగులేకుండా పాడి వినిపించిన గురువు ఒకరు వసిష్ఠ గట్టున ఉండబట్టే, పాలకొల్లు తీగ బెర్లిన్‌లో మోగినది. కోనసీమలో గొంతున్న పెద్దలకు కరువు లేదు, చేతులున్న పిల్లలకూ కరువు లేదు. కావలసినది ఆ ఇద్దరూ ఒకచోట కూర్చోవడం.